కుంకుడు రసం, సోడా, పులుపు: ఏ మురికికి ఏది వాడాలి

అంట్ల సబ్బు, నేల తుడిచే లిక్విడ్, బాత్రూం లిక్విడ్, అద్దాల స్ప్రే అంటూ సింకు కింద ఆరేడు సీసాలు చేరిపోతాయి. వాటి పనిలో చాలా భాగం కుంకుడుకాయలు, సోడా, ఏదో ఒక పులుపు చేసిపెడతాయి. అయితే విడివిడిగానే. మూడూ కలిపేస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. జిడ్డుకి కుంకుడు, మొండి జిడ్డుకీ మాడుకీ సోడా, చిలుముకీ బోరు నీళ్ల తెల్లమరకలకీ పులుపు. ముందు ఈ లెక్క పట్టుబడితే తర్వాతదంతా కొలతల వ్యవహారమే.

కుంకుడు రసంతో మొదలుపెడదాం, ఎక్కువగా చెడిపోయేది ఇదే కాబట్టి.

కాయ ఎర్రటి గోధుమరంగులో, ముడతలు పడి, వేళ్లతో నొక్కితే కాస్త జిగటగా ఉండాలి. రాయిలా బిగిసి నల్లబడిన పాత కాయలో, పురుగు పట్టిన కాయలో నురగ తక్కువ. గింజలో సబ్బు గుణం ఉండదు, అది తొక్కలోనే ఉంటుంది. అందుకే కాయల్ని కొట్టి గింజలు తీసేసి, తొక్కలే తూచుకోవాలి. 200 గ్రాముల కాయలు కొడితే తొక్కలు సగానికి కాస్త పైన వస్తాయి. గింజలతోనే ఉడకేస్తే నష్టమేమీ లేదు గాని, కొలత తప్పి రసం పలచనవుతుంది. పిసికేటప్పుడు చేతికీ అడ్డు.

100 గ్రాముల తొక్కలు, లీటరు నీళ్లు. రాత్రి నానబెట్టి, పొద్దున్న అవే నీళ్లతో స్టీలు గిన్నెలో పొయ్యి మీద పెట్టాలి. గిన్నె సగానికి మించి నిండకూడదు. ఒక్కసారి పొంగిందంటే స్టవ్ అంతా నురగే. ఇనప మూకుడు వద్దు, రసం నల్లబడుతుంది. ఒక పొంగు రాగానే సిమ్‌లో పెట్టి 20 నిమిషాలు ఉడకనిచ్చి, చల్లారాక బాగా పిసికి, పలచటి నూలు గుడ్డలో వడకట్టాలి. మిక్సీలో వేస్తే పని తొందరగా అయిపోతుంది గాని, నురగ పొంగి మూతలోంచి బయటికొస్తుంది, మెత్తటి పిప్పి రసంలోకి దిగుతుంది. ఆ పిప్పే రసాన్ని ముందుగా పులియబెడుతుంది. వడకట్టిన రసం ముప్పావు లీటరు దాకా వస్తుంది. మిగిలిన పిప్పిలో అర లీటరు నీళ్లు పోసి ఇంకో 15 నిమిషాలు ఉడికిస్తే రెండో రసం దిగుతుంది. అది నేల తుడవడానికి.

ఇందులో నిల్వ ఉంచే పదార్థమేదీ లేదు. ఎండాకాలంలో బయట పెడితే రెండో రోజుకే పుల్లటి వాసన వేసి, తీగ సాగుతుంది. అలా అయినది పారబోయడమే. ఫ్రిజ్‌లో వారం ఆగుతుంది. ఐస్ ట్రేలో గడ్డకట్టించి ముక్కలు డబ్బాలో దాచుకుంటే నెలల తరబడి ఉంటుంది, ఏ రోజుకు కావలసినన్ని ఆ రోజు తీసుకోవచ్చు. పొడి చేసుకునేవాళ్లు తొక్కలు పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టి పట్టాలి. ముక్కుకి గుడ్డ కట్టుకోకపోతే తుమ్ములు ఆగవు.

అంట్లకి ఒక వంతు రసంలో రెండు వంతుల నీళ్లు కలిపి పీచు ముంచి తోమాలి. అంట్ల సబ్బులా దండిగా నురగ రాదు. నురగ లేనంత మాత్రాన జిడ్డు పోవడం లేదనుకోనక్కర్లేదు. వేపుడు మూకుడు, పప్పుకి నెయ్యి పోపు పెట్టిన గిన్నె లాంటివాటిని మాత్రం ముందు బియ్యప్పిండితోనో శనగపిండితోనో పొడిగా తుడిచేయాలి. నూనె పిండికి అంటుకుపోతే మిగిలినదానికి రసం చాలు. చివర్లో నీళ్లు ధారాళంగా పోయాలి. కుంకుడు చేదు, గ్లాసుకి అంటుకుని మిగిలితే నీళ్లలో తెలిసిపోతుంది. కోడిమాంసం కోసిన పీటకి ఇదొక్కటే సరిపోదు. రసం మురికిని వదిలిస్తుంది, క్రిములను చంపుతుందని నమ్ముకోలేం. కడిగాక మరిగే నీళ్లు పోయాల్సిందే.

బోరు నీళ్ల ఇళ్లలో దీనికి ఇంకో మేలుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో మామూలు సబ్బు కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది. కుంకుడు అలా విరగదు. పట్టుకి, ఉన్నికి ఇది బట్టల పౌడర్ల కన్నా నయం, ఆ దారాలు క్షారాన్ని ఓర్చుకోలేవు. అర బకెట్ చల్లటి నీళ్లకి 50 మిల్లీలీటర్లు చాలు. పట్టుచీర అయితే ముందు లోపలి మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగుతుందేమో చూసుకోవాలి. తెల్ల నూలు బట్టలకి వాడొద్దు, పసుపు ఛాయ పడుతుంది.

నేలకి అర బకెట్‌కి ఒక గ్లాసు రెండో రసం. ఎక్కువ పోస్తే శుభ్రం ఎక్కువవదు, నేల కాళ్లకి అతుక్కుంటుంది.

ఇక సోడా. వంట సోడా, బట్టల సోడా ఒకటి కావు. మాడిన స్టీలు గిన్నెకి వంట సోడా చాలు: మాడు మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాలు వేసి పది నిమిషాలు మరిగించి వదిలేస్తే చెక్క గరిటెతో ఊడొస్తుంది. స్టవ్ వెనక గోడమీద బంకలా పట్టిన పాత నూనెకి బట్టల సోడా కావాలి. బజార్లో దొరక్కపోతే ఓవెన్‌లో చేసుకోవచ్చు. వంట సోడాని వెడల్పు స్టీలు పళ్లెంలో పలచగా పరిచి 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే, నీరు, కార్బన్ డయాక్సైడ్ పోయి బట్టల సోడా మిగులుతుంది. 100 గ్రాములు పెడితే 63 గ్రాములు రావాలి. అంతకన్నా బాగా ఎక్కువ తూగితే ఇంకా అవలేదని అర్థం, మధ్యలో ఒకసారి కలిపి మళ్లీ పెట్టాలి. లీటరు వేడి నీళ్లకి రెండు చెంచాలు కలిపి, చేతికి గ్లవ్స్ వేసుకుని వాడాలి. అల్యూమినియం మీద ఏ సోడా వద్దు, నల్లబడుతుంది. చిమ్నీ జాలీలు చాలావరకు అల్యూమినియమే, వాటికి వేడి కుంకుడు రసమే మంచిది.

పులుపుకి వస్తే, ఇత్తడికీ రాగికీ చింతపండు, ఉప్పు పాత పద్ధతే, దాన్ని మించింది లేదు. నిమ్మకాయంత చింతపండు, చెంచా ఉప్పు, రెండు మూడు నిమిషాల తోముడు, వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవడం. ఈ తుడిచే పని వదిలేస్తారు కాబట్టే సాయంత్రానికి మచ్చలు తేలతాయి. ఇత్తడిని పులుపులో గంటలకొద్దీ నానేస్తే జింకు కరిగిపోయి పైన గులాబి రంగు తేలుతుంది.

కెటిల్‌లో తెల్లగా పేరుకుంటే లీటరు నీళ్లకి రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి మరిగించి, అరగంట వదిలి కడిగితే చాలు. కుళాయికి అయితే అదే నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి ఉంచాలి. కింద ఏ రాయి ఉందో మాత్రం చూసుకోవాలి. కడప బండ, తాండూరు బండ రెండూ సున్నపురాయే, పాలరాయి కూడా ఆ జాతిదే. నిమ్మరసం చుక్క పడినా మెరుపు పోయి మచ్చ నిలిచిపోతుంది, తర్వాత పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. గ్రానైట్‌కి అంత భయం లేదు.

సింకు మూసుకుపోతే సోడా పోసి పైన వెనిగర్ పోయమని చాలామంది చెబుతారు. బుసబుసా పొంగడం చూడ్డానికి బాగుంటుంది గాని రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మిగిలేది కాస్త ఉప్పునీరు. పైపులో జిడ్డుకి బట్టల సోడా కలిపిన వేడి నీళ్లు పనిచేస్తాయి. ప్లాస్టిక్ పైపైతే మరిగేవి పోయొద్దు, మెత్తబడి అతుకులు సడలుతాయి.

బ్లీచింగ్ పౌడర్ ఉన్న చోట నిమ్మ ఉప్పు, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏదీ తగలకూడదు. క్లోరిన్ వాయువు వచ్చి మూసి ఉన్న బాత్రూంలో ఊపిరి ఆడదు. ఒకటి వాడాక నీళ్లతో బాగా కడిగి, రెండోది ఇంకో రోజు. కుంకుడు నీళ్లు చేపల తొట్టిలో గాని, ఇంటి వెనక చెరువులో గాని పారబోయొద్దు, చేపలకు అది విషం. కంట్లో పడితే మంట ఎక్కువ, పది నిమిషాలు నీళ్లతో కడగాలి.