రిటైరైన మిలిటరీ పైలట్ నాన్న కథ రాసుకోవాలంటే

"నీ కథ చెప్పు నాన్నా" అని నేరుగా అడిగితే "ఏముంది, డ్యూటీ చేశాం" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అందుకని ముందు ఆయన లాగ్‌బుక్ (నడిపిన ప్రతి ఫ్లైటూ రాసుకునే పుస్తకం) తెరవండి. తేదీ, విమానం రకం, దాని నంబరు, పగలెన్ని గంటలు, రాత్రెన్ని గంటలు, అన్నీ వరసగా ఉంటాయి; ఒక్క లైను మీద వేలు పెట్టి "ఆ రోజు వాతావరణం ఎలా ఉంది?" అంటే చాలు, ఇక ఆపడం మీ వల్ల కాదు. టైమ్‌లు మన టైమ్‌లో కాక యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) ఉన్నాయేమో చూసుకోండి.

ఏళ్ల తరబడి ఇంజిన్ హోరులో పనిచేసినవాళ్లకు సాధారణంగా ముందు తగ్గేది కీచుగా ఉండే సన్నటి శబ్దాలు వినే శక్తి, కాబట్టి టీవీ ఆపేసి ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడండి, అరవక్కర్లేదు. రికార్డ్ చేస్తుంటే ఆయనకు చెప్పే చేయండి. రహస్యమని దాటేసిన మిషన్‌నీ, పోయిన స్నేహితుడి సంగతినీ తవ్వకండి.

అమ్మతో మాత్రం విడిగా కూర్చోండి. ఎన్ని ట్రాన్స్‌ఫర్లు, పిల్లలు ఎన్ని స్కూళ్లు మారారు, ఆయన రావడం ఆలస్యమైన రాత్రుళ్లు ఆవిడ ఎలా గడిపింది, ఇవేవీ లాగ్‌బుక్‌లో ఉండవు (నా మటుకు అసలు కథ అదే). పాత ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు ముందువైపుకి దిగొచ్చు.