లారీలో ఆసియా దాటి ఆస్ట్రేలియాకు: డార్విన్ నుంచి వెనక్కి లెక్క

ఇస్తాంబుల్‌లో బయల్దేరి పదిహేను, ఇరవై మంది ఒకే లారీలో ఆస్ట్రేలియా చేరాలంటే తేదీలను చివరి నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి. ఉత్తర ఆస్ట్రేలియాలో మే నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. నవంబరులో వానలు మొదలైతే ఏప్రిల్ దాకా మట్టిరోడ్లు మూతబడుతూనే ఉంటాయి. కాబట్టి లారీ డార్విన్ రేవులో మే చివరనో జూన్‌లోనో దిగాలి. అలా దిగాలంటే ఏప్రిల్ ఆఖరుకు తూర్పు తిమోర్ రాజధాని దిలీలో ఉండాలి. ఇండోనేసియా దీవులకు మార్చి, ఏప్రిల్ కావాలి. మలేసియాకు ఫిబ్రవరి, థాయ్‌లాండ్‌కు జనవరి, లావోస్‌కు డిసెంబరు. చైనాకు అక్టోబరు నడిమి నుంచి నవంబరు చివరి దాకా. పాకిస్తాన్, చైనాల మధ్య 4,693 మీటర్ల ఎత్తున్న ఖుంజరాబ్ కనుమను మంచు ముదరకముందే దాటాలి గనక ఇస్తాంబుల్‌లో బండి ఆగస్టు చివర్లో కదలాలి.

వసంతంలో బయల్దేరితే ఇరాన్ చల్లగా ఉంటుంది, నిజమే. కానీ అలా వెళ్లిన గుంపు ఫ్లోరెస్, తిమోర్‌ల దగ్గరికి వచ్చేసరికి జనవరి అవుతుంది. ఆ నెలల్లో పడమటి గాలికి సముద్రం రేగి ఫెర్రీలు రోజుల తరబడి కట్టేస్తారు.

దారి చైనా మీదుగానే ఎందుకు

1979లో ఇరాన్ విప్లవం, ఆ ఏడాది చివర్లో అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు రావడం కలిసి యూరప్ నుంచి భారత్‌కు వచ్చే పాత కాబూల్ దారిని తెంచేశాయి. తర్వాతి కాలంలో బండ్లు ఇరాన్, బలూచిస్తాన్, వాఘా మీదుగా భారత్‌లోకి వచ్చేవి. మణిపూర్ సరిహద్దులోని మోరే–తము దగ్గర మయన్మార్‌లోకి దాటే వీలు కూడా కొన్నేళ్లు ఉండేది. 2021 ఫిబ్రవరిలో సైనిక కుట్ర తర్వాత ఆ చివర మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో వాఘాకు ఇవతల భారత్ వైపున్న అటారీ చెక్‌పోస్టు కూడా మూశారు. అందుకే పాకిస్తాన్ నుంచి పైకెక్కి చైనాలోని కాష్గర్, అక్కణ్నుంచి చైనాను అడ్డంగా కోసుకుంటూ యునాన్, ఆ దిగువన లావోస్ అన్నదే ఇప్పటికి నిలిచే గీత. ఇరాన్ కుదరనప్పుడు జార్జియా నుంచి ఎగువ లార్స్ కనుమ మీదుగా రష్యా, కజకస్తాన్, కిర్గిజ్‌స్తాన్ దాటి తోరుగార్త్ దగ్గర చైనాలో దిగవచ్చు.

ఇరాన్‌లో బయటి బ్యాంకు కార్డులేవీ పనిచేయవు. ఆ దేశంలో పెట్టే ఖర్చంతా నగదుగా, చిరగని, రాతల్లేని కొత్త డాలర్ నోట్లలో ఉండాలి. అమెరికా, బ్రిటన్, కెనడా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గుంపులో ఒక్కరున్నా వాళ్లకు స్థానిక గైడు తప్పనిసరి. వీసా దరఖాస్తు కూడా ఆ ఏర్పాటుతోనే సాగుతుంది.

ఇరాన్, పాకిస్తాన్‌ల మధ్య మిర్జావే–తఫ్తాన్ సరిహద్దు దాటాక క్వెట్టా దాకా 600 కిలోమీటర్లకు పైగా స్థానిక భద్రతా బలగాల కాపలాలో నడవాలి. ప్రతి ఠాణా దగ్గరా కాపలా మారుతుంది, ప్రతి మార్పులోనూ పాస్‌పోర్టు వివరాలు మళ్లీ రాసుకుంటారు. పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, తండ్రి పేరు ఉన్న పట్టికను ముందే 40 కాపీలు తీయించి పెట్టుకుంటే ఒక్కో ఠాణా దగ్గర అరగంట మిగులుతుంది. రోడ్డు పని రెండు రోజులే, కానీ నాలుగు రోజులు లెక్కేసుకోండి. రాత్రుళ్లు వాళ్లు చూపించిన ఆవరణలోనే పడక, బజారుకు వెళ్లనివ్వరు. అందువల్ల ఆ రోజులకు సరిపడా తిండి, నీళ్లు లారీలో ఉండాలి. క్వెట్టా నుంచి ముందుకు కదలడానికి అక్కడి అనుమతి పత్రం వేరే.

చైనాలో సొంత బండి నడపాలంటే గుర్తింపు ఉన్న ట్రావెల్ ఏజెన్సీ, లారీలోనే కూర్చునే గైడు, తాత్కాలిక నంబరు ప్లేటు, డ్రైవర్లకు తాత్కాలిక లైసెన్సు కావాలి. పని మొదలుపెట్టాల్సింది కనీసం మూడు నెలల ముందు. చిక్కేమిటంటే ఏ సరిహద్దు చెక్‌పోస్టులో, ఏ తేదీన లోపలికి వచ్చి ఎక్కడ బయటపడతారో కాగితం మీద ముందే స్థిరపడిపోతుంది. పాకిస్తాన్ ఉత్తరాన గిల్గిత్‌లో క్లచ్ పోయి రెండు రోజులు ఆలస్యమైతే ఆ తేదీ మార్పించడానికి అయ్యే ఖర్చు క్లచ్ ధర కంటే ఎక్కువ. కనుక చైనా తేదీకి ముందు హుంజాలో ఆరేడు ఖాళీ రోజులు ఉంచండి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికీ అవి పనికొస్తాయి. అక్టోబరు 1 నుంచి చైనా జాతీయ సెలవుల వారం, ఆ రోజుల్లో దాటే ఏర్పాటు పెట్టుకోవద్దు.

థాయ్‌లాండ్ 2016 నుంచి విదేశీ బండ్లకు ముందస్తు అనుమతి అడుగుతోంది. పెద్ద లారీకి అది దొరకడం కష్టం. దొరక్కపోతే లారీని కస్టమ్స్ హామీ (బాండు) మీద రేవుకు పంపి గుంపు బస్సుల్లో వెళ్లాల్సి వస్తుంది, ఆ డబ్బు బడ్జెట్‌లో మొదటే పక్కన పెట్టండి. మలేసియాలో రవాణా శాఖ ఇచ్చే పర్మిట్, సరిహద్దులో కొనే బీమా చాలు.

కార్నే

కార్నే అంటే బండిని ఏ దేశంలోనూ అమ్మకుండా తిరిగి బయటికి తీసుకెళ్తామని మోటారు క్లబ్బు ఇచ్చే హామీ పుస్తకం. గడువు ఒక ఏడాది. లారీ విలువ మీద బ్యాంకు గ్యారంటీయో, బీమానో కట్టించుకుని ఇస్తారు. ఇరాన్, పాకిస్తాన్, ఇండోనేసియా, ఆస్ట్రేలియా, ఈ నాలుగింటికీ అది కావాలి. ప్రతి పేజీలో మూడు ముక్కలుంటాయి. లోపలికి వచ్చేటప్పుడు ఒకటి, బయటికి పోయేటప్పుడు ఇంకోటి చించుకుంటారు. పుస్తకంలో మిగిలే మూడో ముక్క మీద రెండు ముద్రలూ పడాలి. బయటికెళ్లే ముద్ర లేకపోతే బండి ఆ దేశంలోనే ఉండిపోయినట్టు లెక్క, సుంకం మొత్తం మీ గ్యారంటీ నుంచి వసూలు చేస్తారు. గేటు దాటకముందే డ్రైవరు కాక ఇంకొకరు ఆ పేజీ తెరిచి తేదీ, సరిహద్దు చెక్‌పోస్టు పేరు చదవాలి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు లోహం మీద ఉన్నవి అక్షరం పొల్లుపోకుండా పుస్తకంలో ఉండాలి. దారిలో ఇంజిన్ బ్లాకు మారిస్తే నంబరు కలవదు, అందుకని బయల్దేరేముందు ఇంజిన్ మీద పెట్టే ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

ఆగస్టులో బయల్దేరి మేలో డార్విన్ చేరితే ఏడాదిలో తొమ్మిది నెలలు అయిపోతాయి. జూన్‌లో పుస్తకం చేతికొచ్చిందని సంబరపడితే ఆస్ట్రేలియాలో మిగిలేది నెలే. జారీ తేదీని బయల్దేరే వారానికి దగ్గరగా వేయించుకోండి.

లారీ

కొత్త బండి మంచిదనుకోవడం ఈ దారిలో తప్పు. గంధకం ఎక్కువున్న డీజిల్ తాగితే యూరో 5, యూరో 6 ఇంజిన్ల పొగ ఫిల్టర్లు పూడుకుపోయి, కంప్యూటరు ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. మెకానికల్ పంపు ఉన్న పాత టర్బో ఇంజిన్, ఎయిర్ బ్రేకులు, ఎగ్జాస్ట్ బ్రేకు, ఇదీ సరైన జోడి. డీజిల్ నూరు కిలోమీటర్లకు 25 నుంచి 35 లీటర్లు తాగుతుంది, 400 లీటర్ల ట్యాంకు ఉంటే చెడ్డ బంకు దగ్గర ఆగక్కర్లేదు. నీళ్లు వేరుచేసే గిన్నె ఉన్న అదనపు ఫిల్టరు బిగించి, రోజూ పొద్దున దాని అడుగున చేరిన నీళ్లు వదలండి. పది డీజిల్ ఫిల్టర్లు వెంట ఉండాలి. చైనాలో నవంబరు చలికి డీజిల్ గడ్డకట్టి ఫిల్టరులోనే ఆగిపోతుంది. అక్కడ డీజిల్‌ను సున్నా, మైనస్ 10, మైనస్ 20 అని నంబర్లతో అమ్ముతారు. రాత్రి ఎంత చలి పడుతుందో దాన్ని బట్టి నంబరు కొనాలి, మధ్యాహ్నం ఎండను చూసి కాదు.

విరిగేవి ఎక్కువగా కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులు). అసలు కారణం పట్టీ కాదు, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులవడం. అవి వదులైతే కట్ట కదిలి సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. కొత్త కట్ట వేసిన 500 కిలోమీటర్లకు ఒకసారి, తర్వాత గతుకుల రోడ్డు అయిపోయిన ప్రతిసారీ బిగించండి. ముందు, వెనక కట్టలకు ఒక్కో మెయిన్ పట్టీ, నాలుగు సెంటర్ బోల్టులు, ఆరు యూ బోల్టులు మోయండి. చక్రం మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లలో నట్లు మళ్లీ చూడాలి. కొన్ని పాత బ్రిటిష్ లారీల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. అది తెలియక పొడవాటి పైపు వేసి తిప్పితే స్టడ్ తెగుతుంది.

టైరు అంచును పట్టి ఉంచే లాక్ రింగు ఉన్న డిస్కుకు గాలి కొట్టేటప్పుడు రింగు సరిగ్గా కూర్చోకపోతే ఎగిరొచ్చి మనిషిని చంపుతుంది. చక్రాన్ని రింగు కిందికి వచ్చేలా నేలమీద బోర్లించి, గొలుసు చుట్టి, పొడవాటి గొట్టంతో దూరం నుంచి కొట్టండి. పక్కన ఎవరినీ నిలబడనివ్వొద్దు. గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు రోజూ వదలకపోతే కాష్గర్ చలిలో బ్రేకు వాల్వులు గడ్డకడతాయి.

తిండి, నీళ్లు, మనుషులు

తాగడానికీ, వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్లు లెక్కవేస్తే 18 మందికి 90 లీటర్లు. 300 లీటర్ల ట్యాంకు మూడు రోజులు వస్తుంది. స్వచ్ఛమైన నీటికి, వాసన కలపని 5–6 శాతం బ్లీచింగ్ ద్రవం లీటరుకు రెండు చుక్కలు, అంటే నిండు ట్యాంకుకు 30 మిల్లీలీటర్లు. కలిపి అరగంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు గుడ్డలో వడకట్టండి, మట్టి ఉంటే మందు పనిచేయదు.

వంటకు ముగ్గురేసి జట్లు, బజారు డబ్బు ఉమ్మడి డబ్బాలో, దానికి ఇద్దరు తాళంచెవులవాళ్లు. గ్యాసు సిలిండరు మరలు దేశదేశానికీ మారతాయి గనక ఆ దేశపు సిలిండరు, రెగ్యులేటరు కలిపి కొని బయటపడేటప్పుడు ఇచ్చేయడం మేలు. గొడవలు వచ్చేది డబ్బు మీద కంటే సీట్ల మీద ఎక్కువ. రోజూ సీట్లు తిప్పే నియమం మొదటి రోజునే పెట్టండి, నెల గడిచాక పెడితే ఎవరూ వినరు.

ఖుంజరాబ్ మీద రాత్రి ఆగొద్దు. పొద్దున పాకిస్తాన్ వైపు సోస్త్‌లో తేలికగా తిని దాటి, సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉన్న తాష్‌కుర్గాన్‌లో పడుకోవాలి. తలనొప్పితో పాటు నడక తూలినా, మాట తడబడినా బండి ఆపకుండా కిందికి దించండి.

దీవులు దాటడం, కడగడం

మలేసియా నుంచి సుమత్రాకు లారీ ఎక్కే ఫెర్రీ లేదు, సరుకు పడవలో బెలావాన్‌కు పంపాలి. తర్వాత దీవి నుంచి దీవికి బకౌహేనీ–మేరాక్, కేతాపాంగ్–గిలిమానుక్, పాదాంగ్‌బాయి–లెంబార్, కాయాంగాన్–పోతో తానో, సాపే–లాబువాన్ బాజో, లారంతుక–కుపాంగ్ ఫెర్రీలు వరసగా. అంతా వద్దనుకుంటే మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ నుంచే బండిని ఓడకెక్కించవచ్చు. ఖర్చు తక్కువే తేల్తుంది, ప్రయాణంలో అందమైన నెల పోతుంది.

దిలీలో అసలు పరీక్ష మొదలవుతుంది. ఆస్ట్రేలియా వ్యవసాయ శాఖ తనిఖీదారు చూసేది మట్టి, గింజ, ఆకు, పురుగు. చిటికెడు దొరికినా మీ ఖర్చుతో మళ్లీ కడిగిస్తారు, లేదా ఓడలోనే వెనక్కి పంపమంటారు. పదిమంది నాలుగు రోజులు పనిచేయాలి, క్రమం ఇదీ:

1. లారీ మొత్తం ఖాళీ చేసి సీట్లు, నేల చెక్కలు, బ్యాటరీ పెట్టె, మడ్‌గార్డులు, స్టెప్నీలు విప్పండి.
2. అడుగు భాగాన్ని నీళ్లతో తడిపి రాత్రంతా నాననివ్వండి, ఎండిన బంక మట్టి నేరుగా ప్రెషర్ పంపుకు ఊడదు.
3. ఛాసిస్ దూలాల లోపలికి గొట్టం పెట్టి ఒక చివర నుంచి కొట్టండి, రెండో చివర తేట నీళ్లు వచ్చేదాకా. కమాన్ పట్టీల సందుల్లో పల్చటి ఇనప రేకుతో గీకాలి.
4. రేడియేటరును ఇంజిన్ వైపు నుంచి బయటికి గాలితో ఊదండి, ఆసియా పురుగులన్నీ అక్కడే ఉంటాయి. ఎయిర్ ఫిల్టరు కొత్తది వేయండి.
5. టెంట్ల కుట్లు, మేకులు, తాళ్లు, బూట్ల అడుగులు, పార, వీటన్నిటినీ బ్రష్షుతో తోమండి. పుల్లల చీపుర్లు, వెదురు, కట్టెలు, మిగిలిన తిండి గింజలు అక్కడే వదిలేయండి.

మురికి మీద కొత్త రంగు వేయడం అందరికీ తట్టే ఉపాయం, తనిఖీదారు మొదట గీకేది అక్కడే. కడిగాక రేవు దాకా తారు రోడ్డు మీదే నడపాలి. పాత లారీకి ఇంకో గండం ఆస్బెస్టాస్. 2003 డిసెంబరు 31 నుంచి ఆస్ట్రేలియాలో దాని దిగుమతి పూర్తిగా నిషేధం. పాత బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేటు, సైలెన్సర్ గాస్కెట్లలో అది ఉండవచ్చు కనుక బయల్దేరకముందే మార్పించి బిల్లులు దాచండి.

లారీ మామూలు కంటైనరులో పట్టదు, గోడల్లేని ఫ్లాట్ ర్యాక్ మీద కట్టి పంపుతారు. గ్యాసు సిలిండర్లు ముందే తీసేయాలి, డీజిల్ పావు ట్యాంకు కంటే తక్కువ ఉంచండి. డార్విన్‌లో స్థానిక రవాణా శాఖ తనిఖీ, థర్డ్ పార్టీ బీమా అయ్యేదాకా బండి రోడ్డెక్కకూడదు, దానికి వారం పెట్టుకోండి. ఎత్తు 4.3 మీటర్లు దాటకూడదు. 53.5 మీటర్ల పొడవుండే రోడ్ ట్రెయిన్లు ఎదురొస్తే ఎడమకు జరిగి వేగం తగ్గించండి, ఆ గాలికి లారీ కూడా ఊగుతుంది. పొద్దు గుంకాక కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, ఆ లోపే ఆగాలి. పడమటికి వెళ్లేవాళ్లయితే డార్విన్‌లో కొన్న పళ్లు, కూరగాయలను కునునర్రా దగ్గర రాష్ట్ర సరిహద్దు తనిఖీలో తీసేసుకుంటారు. ముందు రాత్రి వంటలోనే వాటిని ఖాళీ చేయండి.