రైఫిల్ సప్రెసర్ పాఠాలు – 3: తక్కువ ఖర్చులో మొదటి క్యాన్ ఎంచుకోవడం

గత పాఠాల్లో తుపాకీ శబ్దం ఎక్కడెక్కడ పుడుతుందో, బాఫిల్స్ (సప్రెసర్ లోపలి అడ్డుగోడలు) ఆ వేడి గ్యాసును ఎలా నిదానింపజేస్తాయో తెలుసుకున్నాం. ఈసారి సప్రెసర్ కొనుగోలు. చప్పుడు తగ్గించడానికి బ్యారెల్ మూతికి బిగించే ఈ గొట్టాన్నే వాడుకలో ‘క్యాన్’ అంటారు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం: టెక్సస్‌లో ఉండే ఒకరికి 22 అంగుళాల బ్యారెల్ ఉన్న .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్, 16 అంగుళాల 5.56 ఏఆర్-15 (సెమీ ఆటోమేటిక్ రైఫిల్, ఇకపై ‘ఏఆర్’) ఉన్నాయి. చేతిలో 1,000 డాలర్లు. రెండింటికీ ఒకే సప్రెసర్ సరిపోవాలి.

ముందు చట్టం

ఈ పాఠం అమెరికాలో ఉంటున్నవారికే. భారతదేశంలో తుపాకీ చప్పుడును తగ్గించే పరికరాలు నిషేధిత వర్గంలో ఉన్నాయి. మామూలు ఆయుధ లైసెన్సు ఉన్నా అవి దొరకవు.

అమెరికాలో 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ సప్రెసర్ మీద 200 డాలర్ల పన్ను వేసింది. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. పన్ను పోయిందే తప్ప రిజిస్ట్రేషన్ పోలేదు. ఫారం 4 (క్యాన్‌ను మీ పేరుకు మార్చమని ఫెడరల్ ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు), వేలిముద్రలు, ఫొటో, నేపథ్య తనిఖీ అన్నీ ఉన్నాయి. అనుమతి వచ్చేదాకా క్యాన్ దుకాణంలోనే ఉంటుంది. మీ రాష్ట్రంలోని లైసెన్సుడు డీలరు ద్వారానే చేతికి రావాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, మసాచుసెట్స్, డెలవేర్, రోడ్ ఐలండ్, హవాయి రాష్ట్రాల్లో సామాన్యులు దీన్ని ఉంచుకోవడానికి వీల్లేదు. కనెక్టికట్‌లో ఉంచుకోవచ్చు కానీ దాంతో వేటాడకూడదు.

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని సంగతి ఒకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని, తూటాలను దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ చట్టం దృష్టిలో సప్రెసర్ కూడా తుపాకీయే. రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిని నమ్ముకునేముందు లాయరుకు చూపించండి. వీసాయే పోయే వ్యవహారం ఇది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు.

అన్నిటికన్నా చవకగా కనిపించేది ఆన్‌లైన్లో 50 డాలర్లకు దొరికే ‘సాల్వెంట్ ట్రాప్’, ‘ఫ్యూయల్ ఫిల్టర్’ గొట్టాలు. శుభ్రపరిచే సామాను పేరుతో అమ్మినా చట్టం వాటిని సప్రెసర్లుగా చూడవచ్చు, వాటి జోలికి వెళ్లకండి. రిజిస్టరు కాని సప్రెసర్ దగ్గర ఉంటే పదేళ్ల వరకు జైలు పడవచ్చు. పైగా వాటి లోహమేమిటో, రంధ్రం నడిమికి ఉందో లేదో చెప్పే నాథుడుండడు.

క్యాలిబర్: ఒకే క్యాన్ అయితే .30

మొదట చూడాల్సింది క్యాలిబర్, అంటే తూటా వ్యాసం. క్యాన్ రంధ్రం తూటా కంటే పెద్దదిగా ఉండాలి. 5.56 తూటా వ్యాసం 5.7 మిల్లీమీటర్లు, .308 తూటాది 7.82. కాబట్టి .30 (0.30 అంగుళాల తరగతి తూటాలకు చేసిన) క్యాన్‌లోంచి రెండూ వెళ్తాయి. 5.56కే చేసిన క్యాన్‌తో పోలిస్తే ఇందులో చప్పుడు కాస్త ఎక్కువ. ఆ కొద్ది డెసిబెల్స్ కోసం రెండో క్యాన్, రెండో ఫారం, ఇంకో 500 డాలర్లు పెట్టడం మొదటిసారి కొనేవారికి దండగ. పెద్ద రంధ్రం వల్ల ఏఆర్‌లో వెనక్కి తన్నే గ్యాసు కూడా కొంత తగ్గుతుంది.

రంధ్రం సరిపోయినంత మాత్రాన చాలదు. తయారీదారు ఇచ్చిన పట్టికలో మీ తూటా పేరు, కనీస బ్యారెల్ పొడవు రెండూ చూడాలి. బ్యారెల్ పొట్టిదైతే తూటాలోని పేలుడు మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడుతుంది, గ్యాసు మరింత ఒత్తిడితో మొదటి బాఫిల్‌ను కొడుతుంది. 16, 22 అంగుళాలకు చాలా క్యాన్లు నిలుస్తాయి. 10 అంగుళాల ఏఆర్ కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే చూసుకోండి.

మరలు, మౌంటు: డబ్బు ఇక్కడ పెట్టండి

అమెరికన్ 5.56 బ్యారెళ్ల మూతికి మామూలుగా 1/2×28 మర ఉంటుంది: అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు. .308కు 5/8×24. చాలా 9 ఎంఎం బ్యారెళ్లకు కూడా 1/2×28 మరే ఉంటుంది. 5.56 క్యాన్ ఆ బ్యారెల్‌కు చక్కగా ఎక్కుతుంది, మొదటి 9 ఎంఎం తూటా దాన్ని చీల్చేస్తుంది. మర పట్టిందంటే తూటా పడుతుందని కాదు.

క్యాన్ వెనుక భాగంలో 1.375×24 మర ఉండేదే కొనండి. దీన్ని హబ్ పద్ధతి అంటారు. రకరకాల కంపెనీల మౌంట్లు ఇందులో బిగుస్తాయి. సొంత మౌంటు మాత్రమే పట్టే చవక క్యాన్ కొంటే, తర్వాత కొనే ప్రతి రైఫిల్‌కూ ఆ కంపెనీ చెప్పిన ధరే కట్టాలి. ధర చీటీలో 80 డాలర్లు తగ్గి, రెండేళ్లలో 200 ఎక్కువ కట్టించే క్యాన్లు ఇవే.

ఒకే రైఫిల్ ఉంటే పెట్టెలో వచ్చే డైరెక్ట్ థ్రెడ్ మౌంటు (నేరుగా బ్యారెల్ మరకే ఎక్కేది) చాలు. రెండు రైఫిళ్ల మధ్య మార్చేవారికి ఏటవాలు అంచున కూర్చునే టేపర్ మౌంటు మేలు. క్యాన్‌లో మౌంటు ఒకటి, ప్రతి బ్యారెల్ మూతికి బిగించి ఉంచే మజిల్ డివైస్ ఒకటి. మర మీద మర ఎక్కించే 1/2×28 నుంచి 5/8×24 అడాప్టర్ 20 డాలర్లకే వస్తుంది కానీ, ప్రతి అదనపు అతుకూ కొంత వంకర తెస్తుంది. రైఫిల్ మీద దాన్ని వాడవద్దు.

లోహం, బరువు

ఈ ధరలో 17-4 స్టెయిన్‌లెస్ స్టీల్ క్యాన్ తీసుకోండి. బరువు సుమారు 400 నుంచి 500 గ్రాములు. వైహెచ్ఎం రెజొనేటర్ ఈ తరగతిలో తరచూ వినిపించే పేరు. టైటానియం 150 గ్రాములు తేలిక. కొండలెక్కి రోజుకు రెండు తూటాలు కాల్చే వేటగాడికి దానికి మించింది లేదు. అయితే బాగా వేడెక్కితే టైటానియం బలం తగ్గుతుంది, చీకట్లో నిప్పురవ్వలు చిమ్ముతుంది. ఏఆర్‌తో మ్యాగజైన్లు ఖాళీ చేసేవారికి స్టీలే మన్నిక. మొదటి బాఫిల్ ఇంకొనెల్, స్టెల్లైట్ లాంటి వేడిని తట్టుకునే మిశ్రమ లోహంతో చేసి ఉంటే ఇంకా మంచిది, గ్యాసు దెబ్బంతా దాని మీదే పడుతుంది.

డెసిబెల్ ప్రకటనలు

.308 చప్పుడు మూతి దగ్గర 165 డెసిబెల్స్ దాటుతుంది. మంచి క్యాన్ దాన్ని 135–140కి తెస్తుంది. ఒక్కసారిగా పేలే చప్పుళ్లకు 140ని ప్రమాద రేఖగా తీసుకుంటారు. ఒక కంపెనీ 134 అని, మరొకటి 137 అని అచ్చు వేస్తే మొదటిదే మేలని అనుకోకండి. మీటరు వేగం, బ్యారెల్ పొడవు, ఆ రోజు వాతావరణం మారితే అంత తేడా అదే క్యాన్‌లో వస్తుంది. క్యాన్ లోపలున్న గాలి వల్ల మొదటి తూటా చప్పుడు మిగతావాటికన్నా గట్టిగా వినిపిస్తుంది. సగటు ఒక్కటే చెప్పి మొదటి తూటా అంకె దాచేవారిని అడగండి.

శబ్దం కన్నా వేగంగా వెళ్లే తూటా గాలిని చీల్చే ఠప్పుమనే శబ్దం మాత్రం ఏ క్యాన్‌తోనూ పోదు. శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, .308 తూటా 800 మీటర్ల దగ్గర వెళ్తుంది. ఏఆర్‌లోనైతే గ్యాసు మీ చెవి పక్కనే ఉన్న ఎజెక్షన్ పోర్టులోంచి వస్తుంది. రెండు రైఫిళ్లతోనూ చెవులకు రక్షణ పెట్టుకునే కాల్చండి.

1,000 డాలర్ల లెక్క

ధరలు సుమారుగా: క్యాన్ 550, టేపర్ మౌంటు 100, మజిల్ డివైస్‌లు రెండు 180, అలైన్‌మెంట్ రాడ్లు (క్యాన్ బ్యారెల్‌కు నేరుగా ఉందో చూసే కడ్డీలు) రెండు 100, ఏఆర్‌కు హెచ్2 బఫర్ (బోల్టు వెనుక ఉండే బరువు) 35. మొత్తం 965. టెక్సస్‌లో సేల్స్ టాక్స్ 8.25 శాతం వరకు ఉంటుంది, కలిపితే 1,000 దాటిపోతుంది. అలాంటప్పుడు రాడ్ మానేద్దామని చాలామందికి అనిపిస్తుంది, మానకండి. ఏఆర్ సామాను మొత్తం (డివైస్, రాడ్, బఫర్) తర్వాతి నెలకు జరపండి. అప్పుడు 790, పన్నుతో 855. ముందు .308 మీద కాల్చుకోండి. బ్యారెల్‌కు మర లేకపోతే గన్‌స్మిత్ ఖర్చు అదనం. క్యాన్ బయటి దుకాణం నుంచి తెప్పిస్తే స్థానిక డీలరు ట్రాన్స్‌ఫర్ ఫీజు కూడా ఉంటుంది, ముందే అడగండి.

బిగించాక మొదటి తూటాకు ముందు

రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, బోల్టు తీయండి. బ్యారెల్ భుజం, మరలు గుడ్డతో తుడవండి. మజిల్ డివైస్‌ను కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. బిగిస్తే నలిగే క్రష్ వాషర్ వాడకండి. అది ఒక వైపు ఎక్కువగా నలుగుతుంది, డివైస్ వంకరగా కూర్చుంటుంది. డివైస్‌ను ఫలానా దిశలో నిలపాలంటే చదునైన షిమ్‌లు (పలుచటి లోహపు చుట్లు) పెట్టండి. మరకు మామూలు లాక్‌టైట్ ఈ వేడికి నిలవదు. వేడిని తట్టుకునే రాక్‌సెట్ అనే జిగురు రాసి 24 గంటలు ఆరనివ్వండి. తీయాల్సి వస్తే నీళ్లలో నానబెడితే వదులవుతుంది.

క్యాన్ ఎక్కించి, ఆ క్యాలిబర్ రాడ్‌ను క్యాన్ ముందు నుంచి బ్యారెల్‌లోకి దూర్చండి. మూతి వైపు నుంచి చూస్తే రాడ్ చుట్టూ ఖాళీ సమానంగా కనబడాలి. ఒక వైపు అంచును తాకుతున్నా, తాకేంత దగ్గరగా ఉన్నా కాల్చకండి. విప్పి, తుడిచి, మళ్లీ బిగించి చూడండి. అప్పటికీ వంకరే ఉంటే తప్పు బ్యారెల్ భుజం లంబంగా లేకపోవడంలోనో, మర రంధ్రానికి కేంద్రంగా కోయకపోవడంలోనో ఉంటుంది. రైఫిల్‌ను గన్‌స్మిత్ దగ్గరకు తీసుకెళ్లండి.

మొదట ఒక్క తూటా కాల్చి, రైఫిల్ ఖాళీ చేసి, క్యాన్ లోపలికి లైటు వేసి బాఫిల్ అంచులు చూడండి. మెరిసే కొత్త గీత ఉంటే ఆగిపోవాలి. ఆ తర్వాత ప్రతి పది తూటాలకు బిగువు చూడండి, చేతికి మందపాటి తొడుగుతో. డైరెక్ట్ థ్రెడ్ క్యాన్లు వేడికి వదులవుతాయి. వదులైన క్యాన్ కాస్త వాలుతుంది, తర్వాతి తూటా బాఫిల్‌ను కొడుతుంది. ముప్పై తూటాలు గబగబా కాల్చిన క్యాన్ చర్మాన్ని కాలుస్తుంది, నైలాన్ సంచిని కరిగిస్తుంది.

ఏఆర్‌లో క్యాన్ పెట్టాక ఖాళీ తూటా గుల్లలు ముందు వైపుకు ఎగిరిపడుతున్నా, వాటి అంచు చిరిగినట్టున్నా, కళ్లలోకి గ్యాసు వస్తున్నా బోల్టు అతివేగంగా వెనక్కి పోతోందని అర్థం. మామూలు కార్బైన్ బఫర్ 85 గ్రాములు, హెచ్2 సుమారు 130. ముందు బఫర్ మార్చి చూడండి, సర్దుబాటు గ్యాస్ బ్లాకు ఖర్చు ఆ తర్వాతి మాట. క్యాన్‌తో తూటా తగిలే చోటు కూడా జరుగుతుంది. క్యాన్ పెట్టి అయిదు, తీసి అయిదు కాల్చి, తేడా ఎంతో, ఏ దిక్కుకో రాసుకోండి. అదే తేడా ప్రతిసారీ వస్తుంటే ఇబ్బంది లేదు. ఒక్కోసారి ఒక్కోలా మారుతుంటే మౌంటు సరిగ్గా కూర్చోవడం లేదు.

వచ్చే పాఠానికి ముందు

మీ రెండు బ్యారెళ్ల మర కొలత, పొడవు, కొనాలనుకుంటున్న క్యాన్ పట్టికలోని కనీస బ్యారెల్ పొడవు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో ఫారం 4 నింపడం, సొంత పేరా ట్రస్టా (ఒకరికన్నా ఎక్కువమంది కలిసి ఉంచుకునే చట్టబద్ధ ఏర్పాటు) అనే ఎంపిక చూద్దాం. సొంత పేరు మీద తీసుకుంటే మీరు లేనప్పుడు భార్యగానీ భర్తగానీ దాన్ని వాడకూడదు, కాబట్టి ఇంట్లో ఇద్దరూ కాల్చేవారైతే డీలరుకు డబ్బు కట్టకముందే ఆ పాఠం చదవండి.