పిల్లలతో ఒక క్లాసిక్ పుస్తకాన్ని చివరిదాకా చదవడం ఎలా?

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పే కుటుంబాల్లో ఇంగ్లండ్‌కు చెందిన విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) పద్ధతికి మంచి ఆదరణ ఉంది. మంచి పుస్తకాన్ని కొంచెం కొంచెంగా, ఒక్కసారే చదివి వినిపించాలి. వెంటనే పిల్లలు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. వినడానికి తేలికే, అమలులోనే పొరపాట్లు జరుగుతాయి. ఇటలీ రచయిత కార్లో కొల్లోడి రాసిన, ప్రాణమున్న కొయ్యబొమ్మ కథ 'పినోకియో'తో మొదలుపెడితే పని సులువవుతుంది. అది 1881లో ఇటలీ పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలై 1883లో పుస్తకంగా వచ్చింది. అందుకే అధ్యాయాలు చిన్నవి, చాలావాటి చివర "తర్వాత ఏమైంది?" అనిపిస్తుంది.

1. సరైన ప్రతి ఎంచుకోండి

అధ్యాయాలు లెక్కపెట్టండి. 36 లేకపోతే అది కుదించిన ప్రతి. కుదించినవాటిలో సంఘటనలు మిగులుతాయి కానీ సంభాషణలు పోతాయి. పిల్లలు తిరిగి చెప్పేటప్పుడు వాళ్ల నోట పలికేవి ఆ సంభాషణలే. పూర్తి ఆంగ్ల అనువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతుంది. వారానికి నాలుగు అధ్యాయాలు చదివితే తొమ్మిది వారాల్లో పూర్తవుతుంది.

2. ముందు మీరు చదవండి

నాలుగో అధ్యాయంలో కొయ్యబొమ్మ పినోకియో విసిరిన సుత్తి దెబ్బకు కీచురాయి చచ్చిపోతుంది. పదిహేనో అధ్యాయంలో దొంగలు బొమ్మను చెట్టుకు ఉరితీస్తారు. కొల్లోడి మొదట కథను అక్కడే ముగించాడు, తర్వాత కొనసాగించాడు. చిన్నపిల్లలుంటే 15, 16 అధ్యాయాలు ఒకే రోజు చదవండి. 16లో బొమ్మను కాపాడతారు కాబట్టి పిల్లలు భయంతో పడుకోరు. ఆ ఘట్టాలను కత్తిరించవద్దు, తర్వాతి కథ వాటిమీదే నిలబడింది.

3. చదవడం

ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు 15–20 నిమిషాలు చాలు. ఆ రోజు వచ్చే కొత్త పేర్లు మూడో నాలుగో ముందే పలకమీద రాయండి. మధ్యలో ఆగి అర్థాలు చెప్పకండి. రెండోసారి చదవకండి. మళ్లీ చదువుతారని తెలిస్తే మొదటిసారి ఎవరూ శ్రద్ధగా వినరు.

4. తిరిగి చెప్పించడం

అసలు పని ఇదే. "ఇప్పుడు నువ్వు చెప్పు" అని ఊరుకోండి. "జెపెట్టో (బొమ్మను చెక్కిన ముసలాయన) ఏం అమ్మాడు?" లాంటి ప్రశ్నలు వేస్తే పిల్లలు కథను వదిలి జవాబులు వెతకడం మొదలుపెడతారు.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలకు ఇక్కడో మంచి అవకాశం ఉంది. ఆంగ్లంలో చదివి, తెలుగులో చెప్పించండి. మొదట సగం ఆంగ్లమే వస్తుంది, అడ్డుపడకండి. చెప్పడం అయ్యాక మాత్రం కొయ్యబొమ్మ, ఉలి, కీచురాయి లాంటి మాటలు రెండు మూడు అందించండి. మర్నాడు అవి వాళ్ల నోట వినిపిస్తాయి.

ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే చిన్నవాళ్లతో మొదలుపెట్టండి. పెద్దవాళ్లు ముందు చెబితే చిన్నవాళ్లకు చెప్పడానికి ఏమీ మిగలదు. ఆరేళ్లలోపు వాళ్లను అడగనే వద్దు, వింటే చాలు. పదేళ్లు దాటినవాళ్లతో వారానికొకసారి రాయించవచ్చు.

"ఏమీ గుర్తులేదు" అంటే

చాలాసార్లు కారణం చదివిన భాగం పెద్దదవడమే. అధ్యాయం బదులు ఒక్క పేరా చదివి చెప్పించండి, వారం రోజుల్లో మెల్లగా పెంచండి. అప్పటికీ కుదరకపోతే బొమ్మ గీయించి, దాన్ని చూపిస్తూ చెప్పమనండి. ప్రయాణాలతో వారం తప్పిపోతే వెనక్కి వెళ్లకండి. ఎక్కడ ఆపామో పిల్లల్నే చెప్పమని ముందుకు సాగండి.

సినిమా చివర్లోనే

1940 నాటి డిస్నీ సినిమాను పుస్తకం అయ్యాకే చూపించండి. పుస్తకంలో చచ్చిపోయిన కీచురాయి అందులో పినోకియోకు తోడుగా ఉంటుంది, పుస్తకంలోని సొరచేప కాస్తా తిమింగలమైంది. తేడాలు పిల్లలే పట్టుకుంటారు. ఆ వారం రాతపనిగా వాటినే ఇవ్వండి.