అరకు వెళ్తే అక్కడివాళ్ళకు ఇబ్బంది కలగకుండా తిరగడం ఎలా?

1. శని, ఆదివారాలు వద్దు. డిసెంబరు, జనవరిలో ఆ రెండు రోజులూ ఘాట్ రోడ్డంతా కార్లే. వారం మధ్యలో వెళ్ళండి. వీలైతే విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కండి. దారిలో యాభైకి పైగా సొరంగాలు వస్తాయి. అద్దాల విస్టాడోమ్ పెట్టెకు టికెట్ ముందే తీసుకోవాలి. దొరక్కపోయినా బెంగలేదు, మామూలు పెట్టె కిటికీలోంచి కనబడేవీ అవే కొండలు.

2. గది బుక్ చేసేముందు అది ఎవరిదో అడగండి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతాల్లో, గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. అవతలివాళ్ళు నీళ్ళు నములుతుంటే ఇంకోటి చూసుకోండి. ఆదివాసీ కుటుంబాలు నడిపే బసలు ఉన్నాయి. స్టార్ హోటల్ సౌకర్యాలు ఉండవు, భోజనం మాత్రం వేడివేడిగా పెడతారు.

3. "మీరు" అనండి. మైదానం నుంచి వెళ్ళేవాళ్ళకు ఒక పాడు అలవాటుంది: సొంత ఊళ్ళో కూరగాయలమ్మే ఆవిడను "అమ్మా" అని పిలిచేవాళ్ళే ఇక్కడ "ఏయ్, ఇలా రా" అంటారు. అక్కా, అన్నా అని పిలిస్తే సరిపోతుంది.

4. వలిసె పూలు చూడగానే మడిలోకి దిగకండి. ఫోటోల్లో చూసి చాలామంది అదేదో పూలతోట అనుకుంటారు. అది పంట, గింజలనుంచి నూనె తీస్తారు. సెల్ఫీ కోసం ఎంత మేర తొక్కితే అంత గింజ పోయినట్టే. అందుకే కొన్నిచోట్ల రైతులే గట్టు దగ్గర నిలబడి మనిషికింత అని తీసుకుంటున్నారు. "పూలు చూడ్డానికి కూడా డబ్బులా?" అని సణిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగింది ఇచ్చి, వాళ్ళు చూపించిన చోటే నిలబడండి. ఎవరూ లేకపోతే గట్టు మీదనుంచే తీసుకోండి.

5. ముక్కుపోగుల పెద్దామె కనబడగానే ఫోన్ ఎత్తకండి. ముందు అడగండి, వద్దంటే వదిలేయండి. వాళ్ళ గుంపు నాట్యం థింసా ఆడేటప్పుడు కూడా వాళ్ళు చేయి కలపమని పిలిచేదాకా మధ్యలో దూరకండి. డబ్బు ఇచ్చేటట్టయితే ఏజెంటుకు కాదు, ఆడినవాళ్ళ చేతికే.

6. కాఫీ, తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. 1956 నుంచి ఉన్న సంస్థ అది. సంతలో అయితే పసుపు, రాజ్మా, కొండచీపుర్లు దొరుకుతాయి. రిసార్టు బిల్లు మీద నోరెత్తనివాళ్ళం, కొండ దిగి మోసుకొచ్చిన చీపురుకట్ట దగ్గర పది రూపాయల కోసం పట్టుబట్టడమేమిటి?

7. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి మబ్బులు చూడాలనుకుంటే ఒక ఖాళీ సంచీ పట్టుకెళ్ళండి. నీళ్ళసీసాలు, నూడిల్స్ కప్పులు, చిప్స్ కవర్లు అన్నీ అందులోనే. పైన చెత్తడబ్బా ఉన్నా వాడకండి, నిండిన డబ్బాను మళ్ళీ ఎవరో ఒకరు కిందికి మోయాల్సిందే. సంచీని విశాఖ దాకా మీతోనే తెచ్చుకోండి.