మన చూపు, మన లెక్క – 3వ పాఠం: వంశపటం గీద్దాం

పోయిన పాఠంలో చూపు డైరీ మొదలుపెట్టాం. ఈసారి ఇంట్లో ఎవరికి జబ్బు ఉందో తరాలవారీగా చూపే వంశపటం గీద్దాం. తెల్లకాగితం, పెన్సిల్, రబ్బరు దగ్గర పెట్టుకోండి. రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనక రెటీనా పొర మెల్లగా దెబ్బతిని, ముందు రాత్రి చూపు, తర్వాత పక్కచూపు తగ్గడం) వంశంలో దిగే జబ్బు. జన్యు పరీక్షకు రక్తం ఇచ్చే రోజు ఈ కాగితం కూడా మీ చేతిలో ఉండాలి.

గుర్తులు సులువే. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. జబ్బు ఉన్నవాళ్ల గుర్తును నల్లగా నింపండి, చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలు గీత పెట్టండి. మీ గుర్తుకు బాణం వేయండి. ఆలుమగల మధ్య ఒక గీత, మేనరికమైతే రెండు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మేనరికాలు కొత్తేం కాదు, దాచకండి. ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఇద్దరిలోనూ ఉంటే, వాళ్ల చూపు బాగున్నా పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

గీయడం పది నిమిషాల పని. అడగడమే కష్టం. మొదటిసారి డాక్టర్ అడిగితే నేను "మా ఇంట్లో ఎవరికీ లేదు" అనేశాను. అమ్మమ్మ కూడా లేదనే చెప్పింది మరి! ఆర్నెల్ల తర్వాత ఏదో మాటల్లో, చిన్నతాత రాత్రి కరెంటొస్తే మోటర్ పెట్టడానికి బాయికాడికి పోయేవాడు కాదని, ఒట్టి సోమరి అని నవ్వింది.

"ఎందుకు పోకపోయేది అమ్మమ్మా?"

"పొద్దుగూకితే కండ్లు ఆనకపోయేవి బిడ్డా."

అందుకే జబ్బు పేరెత్తకుండా పనుల గురించి అడగండి. రాత్రి పెళ్లి ఊరేగింపులో ఎవరి చెయ్యి పట్టుకుని నడిచేవారు? పక్కనే ఉన్న చెంబును కాలితో తన్నేవారా? ఏ వయసు నుంచి? పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇంట్లో మాత్రం నలుగురి ముందు అడగొద్దు, టెన్షన్ పెట్టినట్టవుతుంది.

నల్లగుర్తులు ప్రతి తరంలో ఉన్నాయా, అమ్మ వైపు మగవాళ్లలోనే ఉన్నాయా, ఒక్క తరంలోనే ఉన్నాయా చూడండి. తీర్పు డాక్టర్‌కే వదలండి. ఈ ఒక్క జబ్బు పేరు వెనక పదుల జన్యువులున్నాయి. 2017లో అమెరికాలో అనుమతి వచ్చిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స, ఆర్‌పీఈ65 జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపమున్నవాళ్లకే పనికొస్తుంది. మీది ఏ జన్యువో తేలితేనే ఏ ట్రయల్‌కు (కొత్త చికిత్సను మనుషులపై పరీక్షించే అధ్యయనానికి) సరిపోతారో తెలిసేది.

ఇంటిపని: మూడు తరాలు గీయండి. పేర్లు వద్దు, వరసలు చాలు. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, అందులో ఉన్నది మీ ఒక్కరి సంగతి కాదు. వచ్చే పాఠంలో ట్రయల్ అంగీకార పత్రం చదువుదాం.