స్త్రీల మధ్య ప్రేమకథలో నాయిక తనను తాను తెలుసుకునే క్రమాన్ని రాయడం

ఇద్దరు స్త్రీల ప్రేమకథ రాసేవారు ఎక్కువగా తొందరపడేది ఒక్క చోటే: నాయిక తన మనసును గుర్తించే ఘట్టాన్ని ఒక ముద్దుకో, ఒక రాత్రికో అప్పగించేస్తారు. ఆ ఎరుక మాటల్లోకి రాకముందే నడవడికలో కనిపిస్తుంది కాబట్టి, ముందు ఆమె ఏం చేస్తోందో రాయండి. అందుకు ఆమె చెప్పుకునే కారణం తరువాత రానివ్వండి. అసలు కారణం మాత్రం పాఠకులకు ఆమెకన్నా కాస్త ముందే అర్థం కానివ్వండి.

ఉదాహరణకు, సహోద్యోగిని దగ్గర తెచ్చుకున్న పుస్తకం చదవడం పూర్తయినా నాయిక తిరిగి ఇవ్వదు. ఇచ్చేస్తే మళ్లీ పలకరించడానికి సాకు ఉండదు. ఆ సహోద్యోగిని ఎవరినో ప్రేమిస్తోందని తెలిసిన రోజున "చాలా సంతోషం" అని టైపు చేసి, చెరిపేసి, మళ్లీ అదే మాట టైపు చేసి పంపి, ఆ సాయంత్రం తలనొప్పిగా ఉందని పడుకుంటుంది. దానికి అసూయ అని పేరు పెట్టే పని రచయిత చేయకూడదు.

గుర్తించాక ఆమె తన గతాన్ని కొత్తగా చదువుకుంటుంది. పదిహేనేళ్ల వయసులో ఒక స్నేహం తెగిపోయినప్పుడు అంతగా ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. అయితే ఒకప్పుడు పురుషుడిని ప్రేమించి ఉంటే, ఆ ప్రేమంతా అబద్ధమని తేల్చేయకండి. కొందరి విషయంలో అది నిజమైన ప్రేమే, కొందరి విషయంలో లోకం కోరిన నడక మాత్రమే. మీ నాయిక ఎవరో మీరే నిర్ణయించుకోవాలి.

మనస్తత్వ శాస్త్రవేత్త వివియన్ కాస్ 1979లో, స్వలింగ ఆకర్షణను మనిషి తనలో గుర్తించి ఒప్పుకునే క్రమాన్ని ఆరు దశలుగా వర్ణించారు. వాటిని అధ్యాయాలుగా పేర్చితే కథ పాఠ్యపుస్తకంలా తయారవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త లీసా డైమండ్ కొందరు స్త్రీలను పదేళ్లపాటు గమనించినప్పుడు, వారిలో చాలామంది తమ లైంగికతకు పెట్టుకున్న పేరును కనీసం ఒక్కసారైనా మార్చుకున్నారు. కనుక లెస్బియన్, బైసెక్సువల్ వంటి పేరు ఆమె నోట పలికించడమే కథకు గమ్యం కానక్కర్లేదు.

శృంగార సన్నివేశంలో తొలిసారి తడబాటు, అడగడం, ఆగడం ఉండాలి. ఎక్కడ చేయి వేయాలో తెలియక నవ్వేసే క్షణం నేర్పుగా సాగే పేజీ కన్నా ఎక్కువ నమ్మిస్తుంది. చూసే కన్ను కూడా నాయికదే కావాలి. బయటి నుంచి ఎవరో చూస్తున్నట్టు రెండు దేహాలను వర్ణిస్తే ఆమె అనుభవం చేజారిపోతుంది.

రెండో స్త్రీని నాయికకు గురువుగా మార్చడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోపం. తన గురించి ఎప్పుడో తెలుసుకున్న మనిషికి, ఇంకా తేల్చుకోని వ్యక్తిని ప్రేమించడం భయమే. రేపు ఈమె వెనక్కి తగ్గితే గాయపడేది తనే. చిత్తుప్రతి పూర్తయ్యాక ఆ రెండో స్త్రీ ఉన్న సన్నివేశాలను మాత్రమే వరుసగా చదవండి. ప్రతిచోటా ఓదార్చడమే తప్ప ఆమె తనకంటూ ఏమీ అడగకపోతే, ఆ సన్నివేశాలను తిరగరాయండి.